గుప్తేశ్వరం గుహకి ఎలా వెళ్ళాలి: జయపురం నుంచి లోపలి చుక్క నీళ్ళ దాకా

మేము ఉండేది జయపురంలో, ఒడిశాలో కోరాపుట్ జిల్లా. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సంతకెళ్తే దేశియా (ఇక్కడి పల్లెల్లో మాట్లాడే ఒడియా యాస). కార్తీకం వచ్చిందంటే, శివరాత్రి దగ్గరపడిందంటే సాలూరు నుంచి పార్వతీపురం నుంచి విజయనగరం నుంచి చుట్టాలు, వాళ్ళ పక్కింటోళ్ళు అందరూ గుప్తేశ్వరం శివుడి గుహ గురించి ఫోన్ చేస్తారు, అడిగేవి మాత్రం అవే నాలుగు ప్రశ్నలు: మెట్లు ఎన్ని, అమ్మ ఎక్కగలదా, లోపల ఊపిరాడుతుందా, ఒక్కరోజులో అయిపోతుందా. ఫోన్లో సగం చెప్పి సగం మర్చిపోతున్నా, వాళ్ళేమో వెళ్ళొచ్చాక "అదేంటి, వెనకాల ఇంకో గుహ ఉందా, మాకు చెప్పలేదే" అంటున్నారు. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా.

ముందు ఆ నాలుగింటికీ జవాబులు. మెట్లు సుమారు 200, రెండువైపులా సంపెంగ చెట్లు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మలు కూడా ఆగి ఆగి ఎక్కుతారు, తొందర పెట్టకూడదంతే. జనం లేని రోజు ఊపిరికి ఇబ్బంది ఉండదు, జనం ఉన్న రోజు ఉంటుంది. జయపురంలో రాత్రి ఉంటే ఒక్కరోజులో హాయిగా అయిపోతుంది, విశాఖ నుంచి తెల్లారి బయల్దేరి అదే రాత్రికి ఇంటికి చేరాలంటే మాత్రం కుదరదు, దయచేసి ప్రయత్నించకండి.

కథ కూడా రెండు ముక్కల్లో చెప్తా, తెలిసి వెళ్తే దారి వేరేగా కనిపిస్తుంది. ఇదంతా దండకారణ్యం. వనవాసంలో రాముడు ఇక్కడికొచ్చి ఈ లింగాన్ని చూసి పూజించాడని, సీతమ్మ స్నానం చేసిన చోటు సీతాకుండం అని, అందుకే దగ్గర్లో ఊరికి రామగిరి అని పేరొచ్చిందని ఇక్కడ అందరూ చెప్తారు. తర్వాత అడవి మూసేసి లింగం ఎవరికీ కనపడకుండా పోయిందట, ఎన్నో ఏళ్ళకి ఒక వేటగాడి కంట పడిందట. గుప్తంగా ఉన్న ఈశ్వరుడు కాబట్టి గుప్తేశ్వరుడు. లింగం దాదాపు రెండు మీటర్ల ఎత్తు, ఇంకా పెరుగుతోందని నమ్మకం. ఈ పెరగడం గురించి కింద మళ్ళీ చెప్తా, ఎందుకంటే జనం చేసే పెద్ద తప్పు ఒకటి దాని దగ్గరే ఉంది.

కావాల్సినవి

- మనిషికో చిన్న టార్చి. ఫోన్ లైటు ఉందిగా అనుకోవద్దు, ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో కొబ్బరికాయ పట్టుకుని తడి రాయి మీద నడిస్తే పడిపోయేది మీరే.
- ఎర్ర రవిక గుడ్డ ఒకటి. దేవుడికి కాదు, టార్చికి కట్టడానికి. ఎందుకో 5వ స్టెప్‌లో చెప్తా.
- ముక్కూ నోరూ కప్పే మాస్కు. ఆస్తమా ఉన్నవాళ్ళయితే ఇన్‌హేలర్ జేబులోనే పెట్టుకోండి, కార్లో బ్యాగులో కాదు.
- వెనక మడమకి పట్టీ ఉన్న శాండిల్స్. కొత్త రబ్బరు చెప్పులు వద్దు.
- చిన్న టవలు, మంచినీళ్ళు, చిల్లర నోట్లు. సిగ్నల్ సరిగా రాదు, ఫోన్‌పే మీద ఆధారపడకండి.
- పొడుగు చేతుల చొక్కా, దోమల క్రీము. ఈ ఏరియాలో మలేరియా ఉంది, మాకు అలవాటే గానీ మీకు కాదు.
- తిండి. పులిహోరో, చపాతీలో ఇంట్లోంచి తెచ్చుకుంటే మంచిది. ప్లాస్టిక్ కవర్లో కాకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టండి, కోతులు కవరు చప్పుడుకే వస్తాయి.

1. రోజు ఎంచుకోవడం

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. ఏప్రిల్, మే ఎండకి ఆ మెట్ల రాళ్ళ మీద ఉత్త కాళ్ళతో నడవలేరు. వానాకాలం అడవి చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ లోపల రాయి జారుతుంది, నది కూడా ఎర్రగా పొంగుతూ ఉంటుంది.

మనవాళ్ళు ఎక్కువగా తప్పులో కాలేసేది ఇక్కడే. ఒడిశాలో నెలలు పౌర్ణమితో ముగుస్తాయి, మనకేమో అమావాస్యతో. అంటే వాళ్ళ శ్రావణం మనకంటే పదిహేను రోజులు ముందే మొదలైపోతుంది. "ఇంకా ఆషాఢమే కదా, గుడి ఖాళీగా ఉంటుంది" అని మన క్యాలెండర్ చూసుకుని సోమవారం వచ్చేస్తారు, ఇక్కడేమో కాషాయం బట్టలు, భుజాన కావడి, బోల్ బమ్ అని అరుచుకుంటూ వేలమంది. కార్తీకం కూడా అంతే, మన కార్తీక పౌర్ణమి నాటికి వాళ్ళ కార్తీకం అయిపోతుంది. కాబట్టి ఒడియా క్యాలెండర్ చూడండి, లేదా జయపురంలో తెలిసినవాళ్ళని అడగండి. శివరాత్రి ఇద్దరికీ ఒకటే రోజు, ఆ రోజు పెద్దవాళ్ళనీ చంటిపిల్లల్నీ తీసుకురాకండి.

మా పెద్దమ్మని నేనే అలా ఒక శ్రావణ సోమవారం తీసుకెళ్ళాను. లోపల నెయ్యి దీపాలు, అగరొత్తులు, తడి బట్టల జనం, గాలి కదలట్లేదు, ఆవిడ చెమటలు పట్టి గోడకి చేరబడిపోయింది. వెనక్కి రావడానికి దారి కూడా లేదు. నలుగురు కుర్రాళ్ళు చేతులు అడ్డం పెట్టి బయటికి తీసుకొచ్చారు, సంపెంగ చెట్టు కింద అరగంట కూర్చుంటే గానీ తేరుకోలేదు. తర్వాత జనవరిలో ఒక మంగళవారం తీసుకెళ్ళా, లింగం ముందు పావుగంట కూర్చుంది, లేవమన్నా లేవలేదు.

2. జయపురం చేరడం

రైల్లో వచ్చేవాళ్ళు టికెట్ బుక్ చేసేటప్పుడు స్టేషన్ కోడ్ చూడండి. మా జయపురం కోడ్ జె వై పి. జె పి అంటే రాజస్థాన్ జైపూర్. ఒడిశాలోనే జాజ్‌పూర్ అని ఇంకోటుంది, అది కటక్ దాటాక. పేర్లు ఒకేలా వినిపిస్తాయి కాబట్టి ఏజెంటుకి నోటితో చెప్పి ఊరుకోకుండా టికెట్ మీద కోడ్ మీరే చదువుకోండి. విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే లైన్లో కోరాపుట్ దాటాక వచ్చేది మా ఊరు.

రోడ్డు మీదయితే విజయనగరం, సాలూరు, సుంకి, పొట్టంగి, సునాబెడ, కోరాపుట్, జయపురం. సాలూరు దాటాక ఘాట్ మొదలవుతుంది, వాంతులయ్యేవాళ్ళకి మాత్ర ముందే ఇవ్వండి. భద్రాచలం, చింతూరు వైపు వాళ్ళకి మోటు, మల్కన్‌గిరి, గోవిందపల్లి మీదుగా దారి ఉంది, వాళ్ళు జయపురం దాకా రానక్కర్లేదు, బైపారిగూడ దగ్గరే గుహ దారికి మళ్ళొచ్చు.

భాష గురించి భయపడకండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ జయపురం సంస్థానం మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లాదే, బజార్లో సగం షాపుల్లో తెలుగు నడుస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అంత డబ్బిచ్చి నిలబెట్టిన విక్రమదేవ వర్మ మహారాజు మా ఊరి రాజే, ఈ మాట చెప్పకుండా ఉండలేను.

3. జయపురం నుంచి గుహ మెట్ల దాకా

దూరం సుమారు 55 కిలోమీటర్లు, గంటన్నర నుంచి రెండు గంటలు. జయపురం, బైపారిగూడ, రామగిరి, గుప్తేశ్వర్. మల్కన్‌గిరి హైవే మీద బైపారిగూడ దాకా వెళ్ళి అక్కడ రామగిరి వైపు తిరగాలి. తిరగకుండా నేరుగా పోతే గోవిందపల్లి ఘాట్ ఎక్కేస్తారు, ఘాట్ మొదలైందంటే దారి తప్పారని అర్థం, వెనక్కి రండి.

మ్యాపులో ఉత్త "రామగిరి" అని కొట్టకండి, గజపతి జిల్లాలో కూడా ఒక రామగిరి ఉంది. "గుప్తేశ్వర్, కోరాపుట్" అని కొట్టి, మ్యాపు జయపురంలోనే డౌన్‌లోడ్ చేసుకోండి. పెట్రోలు కూడా అక్కడే. బస్సులో వచ్చేవాళ్ళు దిగేటప్పుడే కండక్టర్ని తిరుగు బస్సు టైము అడిగి, కింద షాపువాళ్ళని ఇంకోసారి అడగండి, రెండూ కలవకపోతే ముందున్న టైమే నమ్మండి. నలుగురు ఉంటే జయపురంలో ఆటోనో జీపో పోనూరానూ మాట్లాడుకోవడం నయం, వెయిటింగ్ ఎంతసేపో బేరంలోనే తేల్చుకోండి, మూడు గంటలు అని చెప్పండి.

రామగిరి దాటాక స్పీడు తగ్గించి అద్దాలు దించండి. గుగ్గిలం చెట్లు, ఇప్ప చెట్లు, వాటికి అల్లుకున్న అడ్డాకు తీగలు. మనం భోజనం చేసే అడ్డాకు విస్తరి ఆ తీగదే. రోడ్డు పక్కన ఆడవాళ్ళు ఆకు కట్టలు మోసుకెళ్తుంటారు, దారి అడిగితే నవ్వుతూ చెప్తారు. "గుంఫా కేతే దూర్" అంటే గుహ ఎంత దూరం అని. ఫొటో తీసేముందు మాత్రం అడగండి.

గుప్తేశ్వర్ అడవిలో 350 హెక్టార్లని 2024 ఫిబ్రవరిలో జీవ వైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, ఒడిశాలో ఇది నాలుగోది. కాబట్టి వాటర్ బాటిల్ విసిరేయడం, కొమ్మలు విరవడం, లౌడ్ స్పీకర్లో పాటలు పెట్టడం ఏదీ వద్దు.

4. మెట్లు ఎక్కడం

చెప్పులు ఎక్కడ వదలాలో కింద అడిగి అక్కడే వదలండి. సాక్సులు వేసుకుని ఎక్కొచ్చా అని చాలామంది అడుగుతున్నారు, పొడి మెట్ల మీద పర్లేదు గానీ గుహలో తడి రాయి మీద సాక్సు ఉత్త కాలికంటే ఎక్కువ జారుతుంది, వాకిలి దగ్గర తీసేయండి.

పెద్దవాళ్ళతో వెళ్తే ఇరవై మెట్లకోసారి ఆపండి, ఆయాసం వచ్చాక కాదు, రాకముందే. చెక్ చేయడం తేలిక: ఎక్కుతూ ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే బాగానే ఉన్నారని అర్థం, మధ్యలో తెగి తెగి మాట్లాడితే కూర్చోబెట్టండి. అసలు ఎక్కలేనివాళ్ళుంటే ఒకరు తోడుగా కింద ఉండిపోవాలి, ఒంటరిగా వదలొద్దు. పైనుంచి తీర్థం చిన్న సీసాలో తెచ్చి ఇవ్వండి, మా అత్తయ్యకి రెండేళ్ళు అలాగే చేశాం.

చెట్ల మీద, బండల కింద కొండ తేనెపట్లు ఉన్నాయేమో చూసుకోండి. వాటి కింద అగరొత్తులు, సిగరెట్లు వెలిగించకూడదు. సంపెంగలు కింద రాలినవి ఏరుకోండి, కోయకండి.

5. గుహ వాకిలి దగ్గర

లోపలికి దూసుకుపోకండి. బయట ఎండలోంచి నేరుగా వెళ్తే కళ్ళకి ఏమీ ఆనదు, అప్పుడే మెట్టు తప్పుతారు, అప్పుడే అందరూ ఫోన్ లైట్లు పూర్తిగా వెలిగించి గబ్బిలాల మీదకి కొడతారు. వాకిలి పక్కన నీడలో ఐదు నిమిషాలు నిలబడండి, వెనక వచ్చేవాళ్ళకి దారి వదలండి. మీ అరచేతిలో గీతలు కనపడుతున్నాయా చూసుకోండి, కనపడితే కళ్ళు సర్దుకున్నట్టే, బయల్దేరండి.

ఇప్పుడు టార్చికి ఎర్ర రవిక గుడ్డ రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండు పెట్టండి. ఎర్ర వెలుతురుకి మన కళ్ళు మళ్ళీ చెదరవు, గబ్బిలాలు కూడా అంతగా బెదరవు. గుడ్డ లేకపోతే టార్చి మీద వేళ్ళు కప్పి వేళ్ళ సందుల్లోంచి వెలుతురు రానివ్వండి, కొంతవరకు పనికొస్తుంది. లైటు ఎప్పుడూ పాదాల ముందు నేల మీదకే, పైకప్పుకి కాదు.

దక్షిణ ఒడిశాలో గబ్బిలాలు 16 రకాలు ఉంటే వాటిలో 8 రకాలు ఇక్కడి గుహల్లోనే ఉన్నాయి. ఘాటు వాసన వాటి పెంటదే, గాలిలో దాని దుమ్ము ఉంటుంది కాబట్టి మాస్కు. గోడలు తడమకండి, తడిమిన చేత్తో ప్రసాదం తినకండి. కింద పడిన గబ్బిలాన్ని పిల్లలు జాలిపడి పట్టుకుంటారు, అస్సలు పట్టుకోనివ్వకండి. గీసినా కరిచినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, చిన్న గాటే అని ఊరుకోకుండా అదేరోజు ఆసుపత్రికెళ్ళి రేబిస్ టీకా అడగండి.

పైకప్పు కిందకి ఉంటుంది, పొడుగువాళ్ళు తల చూసుకోండి. నేల తడిగా కనపడితే మడమ ముందు ఆనించి కాస్త నొక్కి చూసి తర్వాత బరువు వేయండి. పిల్లల్ని ఎత్తుకుని దిగొద్దు, చెయ్యి పట్టుకుని నడిపించండి, మీరు జారితే ఇద్దరూ పడతారు.

6. దర్శనం

పూజ సంగతి పూజారులు చూసుకుంటారు, నేను చెప్పేది లింగం పెరగడం గురించి. ఇది సున్నపురాయి కొండ. వాన నీళ్ళు మట్టిలోంచి దిగుతూ రాయిని కొంచెం కొంచెం కరిగించుకుని గుహలోకి చుక్కలుగా రాలతాయి, ప్రతి చుక్కా చిటికెడులో చిటికెడు సున్నం వదిలి పోతుంది. అలా పైనుంచి వేలాడేవి, కిందనుంచి లేచేవి తయారవుతాయి. మామూలుగా సున్నపురాయి గుహల్లో ఈ పెరుగుదల ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు అటూఇటూ ఉంటుంది. అంటే మీ పిల్లాడు సరదాగా ఒక అంగుళం ముక్క విరిస్తే రెండువందల యాభై ఏళ్ళ పని పోయినట్టు. మన చేతి జిడ్డు అంటినా అక్కడ సున్నం సరిగా పట్టదు, పెరగడం ఆగిపోతుంది. "పెరుగుతోందా లేదా చూద్దాం" అని చేతులు చాపి కౌగిలించి కొలిచేవాళ్ళని చూశాను, పసుపు కుంకుమ గోడలకి రాసేవాళ్ళని, గోళ్ళతో పేర్లు గీకేవాళ్ళని కూడా చూశాను, నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది. ఆయన పెరుగుతున్నాడని నమ్మేవాళ్ళే ఆయన పెరగడానికి అడ్డం పడకూడదు కదా. చేతులు జోడించడానికే వాడండి.

తలనొప్పి, కళ్ళు తిరగడం, గుండె దడ మొదలైతే దర్శనం అవ్వకపోయినా బయటికి వచ్చేయండి. గాలి ఆడిన తర్వాత మళ్ళీ వెళ్ళొచ్చు.

7. వెనక గుహ, చుక్క నీళ్ళు

చాలామంది వదిలేసేది ఇదే. అసలు గుహ చూసి అయిపోయిందనుకుని దిగిపోతారు. వెనక ఇంకో గుహ ఉంది, అందులో పైనుంచి ఒక పెద్ద రాతిధార వేలాడుతూ ఉంటుంది, దాన్ని కామధేనువు పొదుగు అంటారు. పూజారినో అక్కడివాళ్ళనో అడగండి, తెరిచి ఉంటే చూపిస్తారు. తెలియని గుహల్లోకి మీ అంతట మీరు పోవద్దు, యూట్యూబ్ కోసం అసలే వద్దు.

చేయాల్సింది ఇంతే: కింద అరచేయి చాచి నిలబడాలి. చుక్క ఎప్పుడు పడుతుందో చెప్పలేం, ఒక్కోసారి చాలాసేపు పడదు. తప్పులేంటంటే, పొదుగుని వేలితో నొక్కి చుక్క రప్పించబోవడం, రెండు నిమిషాలకే విసుక్కుని వచ్చేయడం, ఫోన్ వీడియో పెట్టి చుక్క పడిన క్షణంలో స్క్రీన్ చూస్తూ ఉండిపోవడం. లైట్లు ఆపేసి మాటలు ఆపేయండి. ముందు ఎక్కడో దూరంగా ఒక చుక్క పడిన చప్పుడు వినిపిస్తుంది, తర్వాత ఇంకోటి. ఆ చప్పుడు వినిపిస్తే సరిగ్గా నిలబడ్డారని అర్థం, మీ చేతిలో పడటం పడకపోవడం తర్వాతి సంగతి. పడితే కళ్ళకి అద్దుకోండి. నాకు నాలుగోసారికి పడింది, చల్లగా, ఇంత చిన్నది, చెయ్యి మూసుకుని బయటిదాకా అలాగే వచ్చేశాను.

8. నది

కిందకి దిగాక కోలాబ్ ఒడ్డుకి వెళ్ళండి. ఇదే శబరి, అవతల ఒడ్డు ఛత్తీస్‌గఢ్. ఈ నీళ్ళే మల్కన్‌గిరి దాటి కూనవరం దగ్గర మన గోదాట్లో కలుస్తాయి. ఒడ్డున కూర్చుని డబ్బా విప్పి తినడానికి మంచి చోటు. దిగాలనుకుంటే మోకాలి లోతు దాటొద్దు, బండల మధ్య నీరు పైకి నెమ్మదిగా కనపడుతుంది, కింద లాగేస్తుంది. పైన కోలాబ్ డ్యాం ఉంది, వానాకాలంలో ఒడ్డు రాళ్ళ మీద తడి గీత ఎక్కడుందో చూసుకుంటూ ఉండండి, నీరు ఆ గీత దాటి పైకొస్తుంటే సామాను వదిలేసైనా ఎక్కేయండి.

9. తిరుగు ప్రయాణం, ఇంటికొచ్చాక

మధ్యాహ్నం మూడుకల్లా బండెక్కాలి, చలికాలం అడవిలో అయిదింటికే చీకటి పడ్డట్టుంటుంది. ఎక్కేముందు మనుషుల్ని లెక్కపెట్టండి, పేర్లు పిలిచి లెక్కపెట్టండి, మా బంధువులు ఒకసారి తలలు లెక్కపెట్టి వేరేవాళ్ళ పిల్లాడిని కలిపేసుకున్నారు, మనవాడు చెప్పుల దగ్గర ఏడుస్తున్నాడు. తెచ్చిన ప్లాస్టిక్ అంతా మీ డిక్కీలోకే. ఆకలిగా ఉంటే దారిలో సంతలో మండియా పేజ్ దొరుకుతుందేమో అడగండి, మన చోడి అంబలే, ఎండలో తిరిగొచ్చిన కడుపుకి దాన్ని మించింది లేదు.

ఇంటికెళ్ళి వేడినీళ్ళ స్నానం చేసి చెవుల వెనక, మోకాళ్ళ వెనక పురుగులేమైనా పట్టాయా చూసుకోండి, పిల్లలకి మీరే చూడండి. మాస్కు పారేయండి, గుహలో వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి. తర్వాత నెలరోజుల లోపు చలి జ్వరం వస్తే పారాసెటమాల్‌తో సరిపెట్టకుండా అదేరోజు మలేరియాకి రక్తపరీక్ష చేయించండి. డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి, కోరాపుట్ వైపు అడవికి వెళ్ళొచ్చామని, ఫలానా తారీఖున వెళ్ళామని, గబ్బిలాల గుహలోకి కూడా దిగామని. ఒక్కసారి నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే మళ్ళీ చేయించండి.